గడప మీది సింహం

పురాణమా, ఎన్ని యుగాలు మోసినా నడుం వంగని తల్లీ, నీకు దండం! తాటాకుల మధ్య నిద్రపోతున్నావని పండితులు తలుస్తారు. గుడి గోడల మీద శిలవై ఆగిపోయావని యాత్రికులు తలుస్తారు. ఋషికుల్య తీపినీరు కడలి ఉప్పునీటిని కౌగిలించుకునే మలుపు దగ్గర బతికేవాళ్ళకు నీ అసలు ఆచూకీ తెలుసు. తెలుగూ ఒడియా భుజాల మీద చేతులేసుకుని నడిచే బరంపురం సందుల్లో, జీడిమామిడి పూత వాసనలో, సరుగుడు తోపుల ఊళలో, పట్టుపోగుల మిలమిలలో, వలల తళతళలో నువ్వు ఒళ్ళు తొడుక్కుని తిరుగుతుంటావు. చల్లని రోజుల్లో నువ్వు అరుగు మీద చెప్పుకునే ముచ్చటవి. జ్వరం ఊరి మీద పడినప్పుడు, గాలివాన తలుపు గడియ విరగ్గొట్టినప్పుడు, పేరు లేని భయం వీధి చివర నిలబడి మా వైపు చూసినప్పుడు, ఆ భయానికి ఒక పేరు పెడతావు. ఒక కిరీటం పెడతావు. ఒక గొంతు ఇస్తావు. మా నట్టనడుమ నిలబెట్టి, ఇప్పుడు చూడండర్రా అంటావు. అప్పుడు చూస్తాం. అంతవరకూ కళ్ళు మూసుకున్నవాళ్ళం, రాత్రంతా రెప్ప వేయకుండా చూస్తాం.

ఆ చూపు ఎలాంటిదో ఎరగాలంటే గంజాం పల్లెలో ప్రహ్లాద నాటకం ఆడే రాత్రి నేల మీద చతికిలబడాలి. ఆహా, ఆ మెట్లు! నేల మీంచి లేచి చీకటిలోకి ఎగబాకే మెట్లు, మెట్టుమెట్టుకీ మదం పెరిగే మెట్లు, చిట్టచివరి మెట్టున సింహాసనం, సింహాసనం మీద హిరణ్యకశిపుడు! మర్దళం ఉరుముతుంది. తాళాలు చిటపటలాడతాయి. గాహకుడు రాగం అందుకుంటాడు. రాజు లేస్తాడు, మెట్ల మీంచి ఉరుకుతాడు, గిర్రున తిరుగుతాడు, జరీ చొక్కా మీద దీపాలన్నీ వెయ్యి తునకలై చెదురుతాయి. జనాన్ని చీల్చుకుంటూ జనంలోకి దూకి, జనాన్ని చీల్చుకుంటూ మళ్ళీ మెట్లెక్కి, ముల్లోకాలూ నావేనని కన్నెర్ర చేస్తాడు. పంతొమ్మిదో శతాబ్దం నుంచి ఈ నాటకం జలంతర రాజు రామకృష్ణ ఛోటరాయ్ పేరు మీద నడిచి వస్తోంది. అప్పట్లో జలంతర గంజాం జిల్లాలో ఒక సంస్థానం. ఇప్పుడది సిక్కోలు వైపు, కంచిలి పక్కన, జలంత్రకోట. రాసిన కోట ఆంధ్రలో మిగిలింది, ఆడే మెట్లు ఒడిశాలో మిగిలాయి. నువ్వు మాత్రం ఎటూ తేల్చుకోకుండా నడిమి గడప మీదే కూర్చున్నావు.

కూర్చోవా మరి! నీ గుట్టంతా గడపలోనే ఉంది. ఆ రాజెంత తెలివైనవాడు! ఇంట్లో చావు వద్దన్నాడు, బయట వద్దన్నాడు. పగలు వద్దన్నాడు, రేయి వద్దన్నాడు. నేల మీద వద్దన్నాడు, నింగిలో వద్దన్నాడు. మనిషి వల్ల వద్దన్నాడు, మృగం వల్ల వద్దన్నాడు. లోకంలోని తలుపులన్నీ బిడాయించుకుని, తలుపుకు అడుగున గడప ఉంటుందన్న సంగతి మరిచాడు. సంజె వేళ వచ్చింది. గడప మీద, ఒడిలో, గోళ్ళతో, సగం మనిషి సగం సింగం. పురాణమా, ఇంతకంటే పదునైన రాజనీతి నాకు ఏ గ్రంథంలోనూ కనపడలేదు. ఏలికలు రాసుకున్న శాసనాలు ఎంత చిక్కగా అల్లినా రెండు మాటల నడుమ ఒక సందు ఉంటుంది. ఆపదా అక్కణ్ణుంచే వస్తుంది, అభయమూ అక్కణ్ణుంచే వస్తుంది.

రాత్రి గడిచి తెల్లవారుతుండగా నరసింహుడి ముఖం బయటికి తీస్తారు. అది వేషానికి వాడే ముసుగే అయినా పూజలందుకునే ముసుగు. తొడుక్కున్నవాడికి పూనకం వస్తుంది. అతన్ని ఆపడానికి ఊళ్ళోని గట్టి చేతులన్నీ కావాలి. రాజు ఠీవికి అప్పటిదాకా ఈలలేసిన పిల్లలు తల్లుల కొంగులు వెతుక్కుంటారు. పెద్దవాళ్ళు చేతులు జోడిస్తారు. ఇక అక్కడ నాటకం ఎక్కడ ఆగిందో, కొలుపు ఎక్కడ మొదలైందో గీత గీసి చూపగలవాడు పుట్టలేదు.

గీతల సంగతి మాకు చెప్పకు తల్లీ, గీతల మీదే పుట్టాం. మద్రాసు రాజధానిలో పడుకున్న గంజాం 1936 ఏప్రిల్ 1న ఒడిశాలో నిద్రలేచింది. ఇల్లు కదల్లేదు, చెరువు కదల్లేదు, తులసికోట కదల్లేదు, గీత కదిలింది. పర్లాకిమిడిలో నిండు జీవితం ధారపోసిన గిడుగు రామమూర్తి పంతులు ఆ ఊరు విడిచి రాజమండ్రి దారి పట్టారు. ఒడియావారికి అది ఏళ్ళ తపస్సు పండిన శుభదినం. తెలుగువారిలో ఎందరికో అప్పగింతల ఘడియ. ఒకే పందిట్లో ఒకరి కన్నుల్లో ఆనందబాష్పాలు, ఒకరి కన్నుల్లో ఉత్త బాష్పాలు, రెండూ ఉప్పగానే ఉన్నాయి. అదే ఏప్రిల్ నెలాఖరున పూరీ లక్ష్మీ టాకీస్‌లో ఒడియావారి తొలి టాకీ వెలిగింది. మోహన్ సుందర్ దేవ్ గోస్వామి తీసిన ఆ బొమ్మ పేరు ‘సీతా బిబాహ’. సీత పెళ్ళి! రాష్ట్రం పుట్టిన నెలకే పుట్టింటి గడప దాటే నేలబిడ్డ కథ తెరకెక్కడం ఎవరో పథకం వేసి చేసింది అయ్యుండదు. ఇది నీ చేతివాటమేనని నా అనుమానం.

అప్పగింతలయ్యాక ఆడపడుచు పుట్టింటికి రావాలి కదా. వస్తుంది. రెండేళ్ళకోసారి, ఎండ ముదిరే వేళ, గ్రామదేవత బుఢీ ఠాకురాణి బరంపురంలోని తన పుట్టింటికి వస్తుంది. పుట్టిల్లంటే ఏ గజపతి కోటో అనుకునేరు. ఎన్నడో తెలుగు నేల నుంచి మగ్గాలు తెచ్చుకుని ఇక్కడ కుదురుకున్న డేరా నేతవారి వీధి అది. వారి కులపెద్ద దేశిబెహరా ఆమెకు తండ్రి. బ్రహ్మాండాలు కన్న తల్లి ఒక నేతగాడి ముద్దుల కూతురు! రాత్రుళ్ళు ఘటమై, పూలై, పసుపై వీధివీధికీ వస్తుంది. డప్పుల హోరు, దీపాల జోరు, ఆడవాళ్ళ నోట ఉలూ ధ్వనులు, ఉక్కపోతలో తడిసిన పట్టుచీరల గరగరలు. బరంపురం పట్టు అంచున గుడి శిఖరాలు బారులు తీరి ఉంటాయి కదా, ఆ శిఖరాల మధ్యనుంచే నడిచి వచ్చినట్టుంటుంది ఆ బిడ్డ.

ఆ రాకలో ఎంత భయం దాగి ఉందో మరిచిపోవడం తేలిక. 1815లో విషజ్వరం గంజాం పట్నాన్ని ఊడ్చిపెట్టింది. దొరలు కచేరీలు ఎత్తుకుని వేరే ఊళ్ళకు పోయారు. ఋషికుల్య ముఖద్వారాన వాళ్ళ పొటగడ కోట పాడుబడింది. దొరకు ఊరు మార్చే వీలుంది. గుంటమగ్గంలో కాళ్ళు పెట్టుకుని కూర్చున్నవాడు ఎక్కడికి పోతాడు? టీకా ఇంకా అందరికీ అందని ఆ కాలంలో, ఒంటి నిండా అమ్మవారు పోసి పసివాళ్ళు వేపాకుల మీద మూలుగుతున్న ఆ కాలంలో, అతనికి తెలిసిన విద్యలు రెండే. ఒకటి నేత. రెండోది, అలిగి వచ్చిన ఆడపిల్లకు కాళ్ళు కడిగి, కొత్త చీర పెట్టి, నచ్చినవి వండి, నచ్చజెప్పి, సారెతో మెట్టినింటికి సాగనంపడం. ఆ మర్యాదే మహమ్మారికీ చేశాడు. శత్రువని శపించకుండా కూతురని పిలిచాడు. పురాణమా, నీ వైద్యం పుండును మాన్పిందని నేననను. పుండు పడ్డ బిడ్డను వెలివేయకుండా ఆపింది. ఆ వీధి అంటరానిదై పోకుండా ఆ వీధినే దేవత పుట్టిల్లు చేసింది.

ఇక ఆ నెల రోజుల జాతర వేషాలు! మొక్కు తీరినవాడల్లా దేవుడవుతాడు. నీలం పూసుకున్న శివుడు టీకొట్టు దగ్గర చిల్లర లెక్కపెట్టుకుంటాడు. గద ఒళ్ళో పెట్టుకుని హనుమంతుడు స్కూటరు వెనక కూర్చుంటాడు. పసుపు నలుపు చారల పులి డప్పు దెబ్బకు తోకెత్తి, మండుటెండలో రంగు కారిపోతున్నా ఆడుతూనే ఉంటుంది. బిడ్డ జ్వరం తగ్గితే తండ్రి పులవుతాడు, కోర్టు వ్యాజ్యం తేలితే అన్న రాముడవుతాడు. గండం గడిచిన ఆనందాన్ని మామూలు ముఖంతో మోయలేక నీ ముఖం అరువు తెచ్చుకుంటారు.

నువ్వు వెండితెర ఎక్కినప్పుడూ ఈ గుణం మారలేదు. 1932 జనవరిలో శాసనోల్లంఘనం మళ్ళీ రాజుకుంది, జైళ్ళు నిండుతున్నాయి. ప్రహ్లాదుడే నిఖార్సయిన సత్యాగ్రహి అని గాంధీ పదేపదే చెప్పే రోజులు. ఫిబ్రవరిలో హెచ్.ఎం. రెడ్డి తీసిన ‘భక్త ప్రహ్లాద’ వచ్చింది, సురభి నాటకం వేళ్ళలోంచి మొలిచిన తొలి తెలుగు టాకీ. తెలుగు తెర పుట్టాక మొదటిసారి నోరు తెరిచి పలికిన కథ, దొరతనం చేసే తండ్రికి ఎదురు నిలిచి కాదన్న పిల్లవాడి కథ! బమ్మెర పోతన తన పద్యాల్లో ఊపిరూదిన ఆ బాలుడు ఐదు శతాబ్దాలు నడిచి, సరిగ్గా లాఠీలు లేచిన వేళకు మైకు ముందుకు వచ్చి నిలబడ్డాడు. పోలీసులకు దొరకని కరపత్రం అది. 1967లో అదే కథ రంగుల్లో మళ్ళీ వచ్చినప్పుడు, రోజారమణి చిన్నారి చేతులు జోడిస్తున్నా, కళ్ళు ఎస్వీ రంగారావు మీంచి మరలేవి కావు. ఆ నడక, ఆ నవ్వు, కొడుకు మీద ప్రేమా కోపమూ ఒకే కంటిలో మండే ఆ తండ్రి! రాక్షసుణ్ణి ఇంత ప్రేమించనివ్వడం నీకే చెల్లు.

ఒక్క ఫిర్యాదు చెప్పుకోనీ. ఈమధ్య నిన్ను కొందరు కండలు పెంచి, మంటలు చిమ్మించి, కంప్యూటర్లో కడిగి ఆరేసి చూపిస్తున్నారు. అందంగానే ఉంటావు, కాదనను. కానీ వాళ్ళ బొమ్మల్లో రాక్షసుడెప్పుడూ పరాయివాడే. గంజాం మెట్ల మీద మాత్రం రాక్షసుడు మన ఊరివాడు, నిన్న సంతలో వంకాయలు బేరమాడినవాడు. అందరికంటే కష్టమైన పాత్ర అతనిది, అందరికంటే ఎక్కువ చప్పట్లు అతనివి. అధికారం ఎలా ఎక్కుతుందో, ఎంత మత్తుగా ఉంటుందో ఆ మత్తును మాకు రుచి చూపించి, ఆపైనే గోరు దించుతావు. 2022లో ‘కాంతార’ వచ్చి, తుళునాడు భూతకోలం కేకతో అడవి ఎవరిది, నేల ఎవరిది అని అడిగినప్పుడు తెలుగు హాళ్ళు నివ్వెరపోయాయి. ప్రహ్లాద నాటకం చూసి పెరిగిన చెవికి ఆ కేక దూరపు చుట్టం గొంతు.

పుస్తకాల్లోనూ నీ కూతుళ్ళు ఊరుకోలేదు. 1984లో ప్రతిభా రాయ్ ‘యాజ్ఞసేని’లో ద్రౌపది చేత తన కథ తానే చెప్పించింది. ఇటు మన ఓల్గా ‘విముక్త’లో సీతను శూర్పణఖ ఎదుట, అహల్య ఎదుట కూర్చోబెట్టింది. అటు ఒడియా ఇంటిలో ఒకరు, ఇటు తెలుగింటిలో ఒకరు, గీసిన గీతల మీద కాలు పెట్టి నడిచిన ఇల్లాళ్ళు. కాగితం మీద నీ చీర మార్చారని కొందరు అలిగారు. నువ్వు అలిగావా? అలిగిన దానివైతే వాళ్ళ కలంలో అంత నిండుగా ఎందుకు పలుకుతావు!

ఇక కడలి గడప. చలి వెళ్ళి ఎండ రాబోయే రోజుల్లో, ఋషికుల్య మొగ దగ్గర ఇసుక కదులుతుంది. ఒకటి, పది, వేలు, లక్షలు! ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు అలల్లోంచి నడిచి వస్తాయి. మందరగిరిని మోసిన వీపు ఒక్కటేనని చదివాం, ఇక్కడ ఇసుకంతా వీపులే. తెలుగే ఇంటిమాటగా గంగమ్మను కొలిచే నోళియా పల్లెకారులు ఆ రాత్రుళ్ళు అడుగు ఆచితూచి వేస్తారు, కూర్మావతారం మీద కాలు పడకూడదని. నీళ్ళలోనూ కాదు, ఊళ్ళోనూ కాదు, అలలు అందని ఇసుకలో గుడ్లు పెట్టి, గడప దగ్గర బిడ్డల్ని అప్పగించి, వెనుదిరిగి చూడకుండా వెళ్ళిపోతుంది ఆ తల్లి.

ఆ కడలే ఒక్కోసారి సింహమవుతుంది. 1999లో మహాతుఫాను ఒడిశాను చిదిమేసిందని లోకం తలుచుకుంటుంది. దానికి పదీ పన్నెండు రోజుల ముందే గంజాం మీద ఒక తుఫాను విరుచుకుపడిందని తక్కినవాళ్ళు మరిచారు, గంజాం మరవలేదు. 2013 అక్టోబర్ 12, దసరా నవరాత్రుల నడుమ, గోపాలపురం దగ్గర ఫైలిన్ గట్టెక్కింది. గంటకు రెండు వందల కిలోమీటర్ల గాలి. అమ్మవారి పందిళ్ళు ఎగిరాయి, తాళ్ళు తెగాయి, కరెంటు స్తంభాలు చేతులు ముడిచాయి, కొబ్బరిచెట్లు జుట్టు విరబోసుకుని పూనకం ఊగాయి. కానీ ఈసారి లక్షల మంది అప్పటికే ఒడ్డు వదిలి, గట్టి మేడల్లోకి, బడుల్లోకి, తుఫాను షెల్టర్లలోకి చేరిపోయారు. 1999 ఘోరం తర్వాత కట్టిన ఆ షెల్టర్లను ఎప్పుడైనా చూశావా పురాణమా? కింద అంతా ఖాళీ, నీళ్ళు వస్తే తొలగి పోనిచ్చే ఖాళీ. పైన జనం. మధ్యన బారులు తీరిన స్తంభాలు! ఈ స్తంభంలో ఉన్నాడా నీ హరి అని కాలెత్తి తన్నిన రాజుకు ఆ రాత్రి గాలి గొంతు వచ్చింది. తన్నింది, తన్నింది, తెల్లవార్లూ తన్నింది. స్తంభం పగల్లేదు. పైన చంటిపిల్లలు చాపల మీద నిద్రపోయారు. 1999లో వేల ప్రాణాలు పోయిన ఒడిశాలో ఈసారి పోయినవి పదుల్లోనే. ఇంజనీర్ల చేత నువ్వే కట్టించావని చెబితే వాళ్ళు నవ్వుతారేమో. నవ్వనీ.

సింహం అలలై నెమ్మదిగా కొరికే ఊళ్ళూ ఉన్నాయి. పొదంపేట అనే తెలుగు పల్లెను కడలి ఇంటివెంట ఇల్లుగా మింగింది. జనాన్ని వెనక్కి తరలించారు. కేంద్రపడా తీరాన ఇలాగే మునిగిన ఊరి దిగులుతో నీలమాధవ్ పండా ‘కాలిర అతీత’ తీశాడు. సముద్రం తినేసిన ఊరికి తిరిగి వచ్చి, రాబోయే తుఫాను కోసం కాచుకునే మనిషి కథ అది. వాడు ప్రహ్లాదుడా, హిరణ్యకశిపుడా? నీళ్ళను రమ్మని సవాలు చేస్తాడు గనుక తండ్రి, నీళ్ళలో తనవాళ్ళున్నారని నమ్ముతాడు గనుక కొడుకు. ఒకే గుండెలో ఇద్దర్నీ కూర్చోబెట్టగలవు నువ్వు.

చైత్రంలో దండనాటం వస్తుంది. దండువాలు ఒంటిపూట తిని, ఊరూరా తిరిగి, నడినెత్తిన సూర్యుడుండగా మండే దుమ్ములో పొర్లుతారు. దుమ్ములోనే దున్నుతారు, విత్తుతారు, కోస్తారు. నాగలి లేదు, గింజ లేదు, వానచుక్క లేదు, ఒళ్ళే నాగలి, చెమటే చినుకు. కరువును మొక్కుగా మార్చిన రైతుల ధూళిదండం అది. రాత్రయితే హరుడూ పార్వతీ వస్తారు, సవర దంపతులు సరసమాడుతూ వస్తారు. మేష సంక్రాంతికి దీక్ష ముగుస్తుంది. సూరత్ మరమగ్గాల హోరులో చెవులు చిల్లులు పడిన గంజాం కుర్రాళ్ళు ఎందరో ఈ దుమ్ము కోసమే సెలవు పెట్టి వస్తారు.

2020లో కరోనా వచ్చి ఆ చైత్రం తలుపులు మూసుకుంది. దండానికి కట్టడి, రైళ్ళకు కట్టడి, ఊపిరికి కట్టడి. మే నెలలో శ్రామిక రైళ్ళు కదిలాక కుర్రాళ్ళు గుంపులుగా దిగారు. ఊరొచ్చారు, ఇల్లు చేరలేదు. ఊరి బడే క్వారంటైను. బడి వరండాలో కొడుకు, కంచె అవతల తల్లి. ఇంటా కాదు, బయటా కాదు! తల్లీ, ఆ వరం అడిగిందెవరు, అనుభవించిందెవరు! రాజు మరిచిన ఆ నడిమి చోటులో కూలిబిడ్డలు చాపలు పరుచుకుని రోజులు లెక్కపెట్టారు. ఆ వరండాల కథ, నేనెరిగినంతలో, ఇంకా నాటకం కాలేదు, ఇంకా సినిమా కాలేదు. రాయవలసినవాడు ఆ బడిలోనే కూర్చుని ఉంటాడు. వాడి నోట్లో తెలుగో ఒడియానో, సూరత్ హిందీనో, మూడూ కలిసినదో. వాడి చెవిలో ఊదు.

రా పురాణమా, ఈ ఏడూ రా! ఎండలు ఏటికేడు ముదురుతున్నాయి. కడలి గజం గజం ముందుకు జరుగుతోంది. డేరా వీధుల్లో పలకని మగ్గాలెన్నో. సూరత్ వెళ్ళే రైలుకు మళ్ళీ టిక్కెట్లు తీస్తున్నారు. వీటన్నిటికీ ఒక ముఖం కావాలి, కేకలేసి చూపడానికి, కడుపారా తిట్టడానికి, వీలైతే కాళ్ళు కడిగి సాగనంపడానికి. మెట్లు కట్టేశారు. మర్దళం ఒక చెంప వేడెక్కింది, రెండో చెంప శ్రుతి చేస్తున్నారు. తెర వెనక అద్దం ముందు రాజు మీసం దిద్దుకుంటున్నాడు. ఆ మీసం ఈసారి ఎవరి పోలికో చూద్దామని ఊరు ఊరంతా ముందు వరసకు తోసుకొస్తోంది!